గుండె పేజీలో ఎగిరిపోయిన వాక్యం

అసలు గుండెకి బూట్లెందుకు, దానికి కాళ్ళే లేనప్పుడు బూట్లు తొడగాలన్న ఆలోచన ఏ తిక్క ముదిరి వచ్చిందో ఆ బొమ్మలాయనకి, కళ్ళు పెట్టాడు, సరే, ఆయన దేనికి కళ్ళు పెట్టలేదు గనక, చంద్రుడికి పెట్టాడు, మూత్రపిండాలకి పెట్టాడు, చరిత్ర పుస్తకంలో ఫిరంగికి కూడా పెట్టాడు, అది పళ్ళికిలిస్తూ కోటగోడని పేలుస్తుంది, కానీ బూట్లు, ఎర్ర బూట్లు, లేసులతో సహా, ఆ లేసులకి చోటు కావాలని నా చివరి వాక్యం ఎగిరిపోయింది, ఎగరగొట్టింది మా ఎడిటరమ్మ, పిల్లల పుస్తకాలు తయారుచేయడంలో తలపండిన మనిషి, ఆవిడ పద్ధతి ఏమిటంటే ముందు బొమ్మ, బొమ్మ పోగా మిగిలిన ఖాళీలో ఒక డబ్బా, ఆ డబ్బాలో పట్టినంతే విజ్ఞానం, పట్టనిది విజ్ఞానం కాదు, నాలుగు లైన్లు దాటితే పిల్లలు చదవరండీ అంటుంది, ఆ మాట ఈవిడ చెవిలో ఊదిన పిల్లలెవరో ఒకసారి చూడాలి, గుండె ఒక్క క్షణం కూడా ఆగదు, ఆగితే మనిషి బతకడు, ఆపరేషన్ చేసేటప్పుడు మాత్రం డాక్టర్లు దాన్ని కాసేపు ఆపుతారు, అంతసేపూ దాని పని ఒక యంత్రం చేస్తుంది, అని రాసిచ్చాను నేను, ఇప్పుడు అచ్చులో మనిషి బతకడు దగ్గర ముగిసిపోయింది, ఆ తర్వాత లేసులు, ఈ ఆసుపత్రి లిఫ్ట్ ఇంకా రాలేదు, నా పక్కనాయన బొత్తాన్ని పొడిచి పొడిచి చంపుతున్నాడు, పొడిస్తే లిఫ్ట్ తొందరపడుతుందని ఏ డబ్బాలో చదివాడో.

ఒరేయ్, నువ్వు రాసిన దిక్కుమాలిన పుస్తకం పట్టుకుని నీ మేనకోడలు మంచం కింద దూరింది, రేపు పొద్దున్నే ఆపరేషన్ పెట్టుకుని ఎవరు పిలిచినా రానంటోంది, రాసినవాడివి నువ్వే, వచ్చి నువ్వే చెప్పుకో, అని అక్క ఫోన్లో విరుచుకుపడింది, చేసినవాళ్ళు అక్కడ చల్లటి గదిలో కూర్చుంటే అక్షింతలు నాకు, మా జడ్జిగారు ఒక పట్టాన దిగిరాదని అక్కకి తెలియదా, ఇంట్లో ఎవరు పోట్లాడుకున్నా తీర్పు చెప్పేది ఆ పిల్లే గనక ఆ పేరు పెట్టుకున్నాం, పుట్టుకతోనే గుండెలో చిల్లు, జ్వరమని ఒకసారి వాయిదా పడింది, ఇక ఆలస్యం చేస్తే ఊపిరితిత్తులు దెబ్బతింటాయని డాక్టరు ఖచ్చితంగా చెప్పేశాడు, ఆ డాక్టరే మరి, మహా నిజాయితీపరుడు, ఏం చేస్తారండీ నన్ను అని పిల్ల అడిగితే, నీ గుండెని కాసేపు ఆపి, చిల్లు మూసి, మళ్ళీ నడిపిస్తాం అని చెప్పి తన దారిన తను పోయాడట, ఇది నా పుస్తకం తెరిచింది, ఆగితే మనిషి బతకడు, ఇంకేముంది, డాక్టరు చంపుతానంటున్నాడు, మామయ్య ముందే హెచ్చరించాడు, పుస్తకంలో తప్పుందమ్మా అని బావ అన్నాడట, మామయ్య తప్పు రాయడు అందట, అప్పుడు బావ మాట్లాడే బొమ్మ కొనిస్తానని బేరం పెట్టాడట, బావకి ప్రతిదానికీ ఒకటే మందు, దుకాణం, పోనీ ఎత్తుకెళ్ళి మత్తిచ్చేయండి అని కూడా అన్నాడట, గింజుకుంటున్న పిల్లకి నేను మత్తివ్వను అంది మత్తు డాక్టరు, ఆవిడొక్కతే కాస్త మనిషిలా ఉంది ఈ భవనంలో.

లిఫ్ట్‌లో అద్దం, అద్దంలో నేను, విజ్ఞాన రచయితని, చరిత్రకారుణ్ణి కూడా, ఆదివారాలు చరిత్ర, మిగతా రోజులు జీర్ణకోశం, మీరేం రాస్తారండీ అని ఎవరైనా అడిగితే పిల్లల పుస్తకాలు అంటాను, ఓహో అంటారు, ఆ ఓహోలో ఉన్న జాలి చూస్తే ఒళ్ళు మండుతుంది, వాళ్ళే పుట్టినరోజులకి ఈ పుస్తకాలు కొని రంగు కాగితంలో చుట్టి ఎవరి పిల్లలకో అంటగడతారు, ఆ పిల్లల తల్లిదండ్రులు వాటిని టీవీ పక్కన అలంకారంగా పెడతారు, తెరిచినవాడు లేడు, తెరిచినా ఏముంది, ఏ పేజీ దిగులుగా ముగియకూడదని ఎడిటరమ్మ శాసనం, కరువు గురించి రాస్తే చివర వానలు పడ్డాయని చేర్చింది, ఎప్పుడు పడ్డాయండీ, జనం పోయాక కదా అంటే, పడ్డాయా లేదా అంటుంది, మహమ్మారి పేజీలో ఎలుకకి కళ్ళజోడు, యుద్ధం పేజీలో గుర్రాలు నవ్వుతుంటాయి, ఓడిపోయిన రాజు కూడా ఎవరో చక్కిలిగింత పెట్టినట్టు నవ్వుతుంటాడు, చరిత్ర మొత్తం మీద ఒక్కడికీ దెబ్బ తగల్లేదు, ఎవడూ చావలేదు, ఇంత శాసనం చేసిన మనిషి గుండె పేజీ ఒక్కటీ మనిషి బతకడు దగ్గర ఎలా వదిలేసింది, బూట్లు ఉన్నాయిగా, బూట్లున్న పేజీ దిగులుగా ఉంటుందని ఎవరనుకుంటారు.

గదిలో అందరూ వంగి ఉన్నారు, అక్క, బావ, నర్సు, మంచం చుట్టూ మూడు నడుములు, ఏమీ కాదమ్మా, చీమ కుట్టినట్టుంటుందమ్మా, నువ్వు నిద్రపోయి లేచేసరికి అయిపోతుందమ్మా, ముగ్గురూ మా ఎడిటరమ్మ దగ్గర పని నేర్చుకున్నట్టే ఉన్నారు, వచ్చావా మహానుభావా అంది అక్క, కళ్ళు ఎర్రగా ఉన్నాయి, నేను నేలమీద పడుకున్నాను, చొక్కా పాడవుతుంది బావమరిదీ అన్నాడు బావ, చొక్కా గురించి ఆలోచించగల మనిషి, మంచం కింద గోడకి ఆనుకుని మా జడ్జిగారు, ఆసుపత్రి గౌను, పెదవులు నీలంగా, ఒళ్ళో పుస్తకం, మూల నలిగి, ఎంత తిరగేసిందో, నువ్వు రాసింది నిజమేనా అని అడిగింది, నిజమే గానీ సగమే, మిగతా సగం కోసేశారు అన్నాను, ఎవరు, మా ఎడిటరమ్మ, ఎందుకు, బొమ్మకి చోటు చాలక, ఆ బొమ్మేం బాగోలేదు మామయ్యా అంది, నా ప్రాణం లేచొచ్చింది, పోయిన సగం చెప్పాను, అక్షరం పొల్లుపోకుండా, ఆ యంత్రం ఎంతసేపు చేస్తుంది, డాక్టరుకి కావలసినంతసేపు, కరెంటు పోతే, బ్యాటరీ ఉంటుంది, అదీ అయిపోతే, చేత్తో తిప్పడానికి పిడి ఉంటుంది, పక్కనే దానికోసమని ఒక మనిషి కూర్చుంటారు, అది తలాడించింది, సాక్షి మాట నమ్మదగ్గదిగా ఉందన్నట్టు.

తర్వాత నా గుండె మళ్ళీ మొదలవకపోతే, అంది, పైనుంచి ముగ్గురూ ఒక్కసారే ఛ ఛ ఏం మాటలమ్మా అవి అన్నారు, మీరుండండి, నేను మామయ్యని అడిగాను, అంది, మంచి వాక్యం ఒకటి నా నాలుక చివరికొచ్చి నిలబడింది, ఇన్నేళ్ళు వండిన చెయ్యి కదా, తప్పకుండా మొదలవుతుంది, డబ్బాలో చక్కగా పడుతుంది, ఆ నీలం పెదవులు చూసి మింగేశాను, దాదాపు అందరికీ మొదలవుతుంది, బద్ధకిస్తే డాక్టరు దాన్ని లేపుతాడు, లేపడానికి ఆయన దగ్గర చాలా మార్గాలున్నాయి, అయినా తప్పకుండా అని మాటివ్వడం నా చేతిలో లేదు, ఎవరి చేతిలోనూ లేదు, అన్నాను, నా కళ్ళకెదురుగా అక్క పాదాలు, వేళ్ళు ముడుచుకుపోయాయి, పిల్ల పుస్తకం మూసి పక్కన పెట్టింది, సరే వెళ్తాను, ముందే ఎవరైనా ఇలా చెప్పుంటే గొడవే లేదు కదా, అని తీర్పు చెప్పేసింది, చెప్పి, నీకు భయంగా ఉందా మామయ్యా అంది, లేదనబోయాను, నోరు రాలేదు, ఇందాకటినుంచి నాలో ఎక్కడా ఆగకుండా సాగుతున్న తిట్లు ఒక్కసారి ఆగిపోయాయి, ఆ నిశ్శబ్దంలో అవి ఇంతసేపూ దేనికి అడ్డంగా నిలబడ్డాయో కనిపించింది, ఒకరి తర్వాత ఒకరిని పట్టుకుని కడిగిపారేస్తున్నంతసేపూ రేపు పొద్దున్న గురించి ఆలోచించనక్కర్లేదు, ఆపరేషన్ గది తలుపు మూసుకున్నాక ఈ పిల్ల మళ్ళీ బయటికి రాకపోతే అన్న మాట మనసులోకి రానివ్వనక్కర్లేదు, నాకు ఎవరిమీదా కోపం లేదు, నాకు భయం, అంతే, ఉంది, చాలా ఉంది, అన్నాను.