నీలం ముడి

సతుర్నీనా సూదిలోకి జరీదారం మూడోసారికి ఎక్కించింది. రెండుసార్లు తప్పింది చూపు తగ్గి కాదట, దారమే పాడుదట. ఆమెతో వాదించి నెగ్గినవాళ్ళు ఆ ఊళ్ళో ఇంకా పుట్టలేదు. తలమీద గుండ్రటి నల్లటోపీ, మోకాళ్ళ మీద గొర్రె ఉన్ని కంబళి, వేలికి అరిగిపోయిన ఇత్తడి తొడుగు. గుడి వెనక గదిలో, ఆండీస్ కొండల చలిలో, కోకా ఆకు టీ చల్లారిపోతున్నా ముట్టకుండా మరియమ్మ విగ్రహానికి పైవస్త్రం కుడుతోంది. నలభై ఒక్క ఏళ్ళుగా ఏటా ఒకటి. బాగుందన్నవాళ్ళ మీద కస్సుమనేది: "నన్ను పొగుడుతారేం? దేవుణ్ణి పొగడండి!"

సాయంత్రమే ఊరేగింపు. పైవస్త్రం ఇచ్చిన పండగ పెద్ద పేరు దాని వీపున కుట్టడం అక్కడి ఆనవాయితీ. తల్లి వెనక నడిచే ఊరంతా చదువుకోవాలి కదా మరి! ఈ ఏటి పండగ పెద్ద, పిండిమర యజమానురాలు ఎర్మెలిందా. ఆమె విసవిసా వచ్చి బట్టను వెలుగులోకి లాక్కుంది.

"ఇదేంటే? 'దేవునికే మహిమ' అని బారెడు కుట్టి, నా పేరు చీమ తలకాయంత కుట్టావు?"

"కింద అంతే చోటుందమ్మగారూ."

"పై మాట ఊడదీసెయ్. చోటు అదే వస్తుంది."

"ఆ మాట నా చేత్తో తియ్యను. ఇది దేవుడికిచ్చారా, ఊరికి చూపించుకోడానికిచ్చారా?"

ఎర్మెలిందా ముఖం కందగడ్డయింది. అరవలేదు మాత్రం. వంగి, అంచు తిరగేసి, ఒకచోట గోటితో పొడిచి చూపించింది. గింజంత నీలం దారపు ముడి.

"మరి ఇదేంటి? మా అమ్మ ఇచ్చిన దానికీ ఉంది. గుడి పెట్టె తెరిచి పాతవన్నీ చూశాను, నలభైకి నలభై. ఇది దేవుడి సంతకమా, నీదా?"

సతుర్నీనా ఆ ముడిని బొటనవేలితో కప్పేసింది.

"నేను అడిగి కుట్టించుకుంటున్నాను, నువ్వు దొంగచాటుగా కుట్టుకున్నావు. అంతే తేడా. పండగయ్యాక ఈ గడప తొక్కకు."

తలుపు దడాలున పడింది. దీని నోరు పడిపోను, అనుకుంది సతుర్నీనా. ఎంత తిట్టుకున్నా కడుపుమంట చల్లారలేదు, ఎందుకంటే ఆ మహాతల్లి చెప్పింది అబద్ధం కాదు. ఏటా అంచు మడిచి కుట్టాక, ఎవరూ చూడకుండా ఆ ముడి వేసేది. ఊరేగింపులో జనం నోరెళ్ళబెట్టి చూస్తుంటే, నాది, నాది అని లోపల్లోపల మురిసిపోయేది. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుతో చచ్చినంత పనయింది.

కత్తెర తీసింది. పై మాట జోలికి పోలేదు. ముడి ఒక్కటే తెంపింది. ఆ కాస్త పనికీ చాలాసేపు పట్టింది. దారం ముక్క పారెయ్యబుద్ధి కాలేదు. వేలి తొడుగు తీసి అందులో వేసి కిటికీ గట్టున పెట్టింది. "చాల్లే తల్లీ, ఇక నా గోల," అని గోడకి తల వాల్చింది.

మధ్యాహ్నం మరియమ్మకి బట్టలు కట్టే ఆడవాళ్ళు వచ్చి పిలిస్తే పలకలేదు. ఒళ్ళు అప్పటికే చల్లబడింది.

అక్షరాలు మార్చగల చెయ్యి ఊళ్ళో ఇంకొకటి లేదు. సాయంత్రం 'దేవునికే మహిమ' అలాగే వీధులన్నీ తిరిగింది. వెనకాలే ఎర్మెలిందా పళ్ళు నూరుకుంటూ నడిచింది. ఆమె పేరు ఎవరి కంటికీ ఆనలేదు. గుడి వెనక గదిలో కిటికీ గట్టున ఇత్తడి తొడుగు పెట్టినచోటే ఉంది, దాని అడుగున గోరంత నీలం దారం.