వంటింటి గోడ మీద చేను

పొద్దున్నే తలస్నానం చేసి, దేవుడికి దీపం పెట్టి, సౌజన్య పొయ్యి వెలిగించేది. చిలకలూరిపేటలో నూలు మిల్లు వెనక వీధిలో వాళ్ళిల్లు. గిన్నె మూత తియ్యగానే ఆవిరి వెళ్ళి గోడకి పట్టేది. ఆ తడిలో, గిన్నెలో ఉడికే గింజ పండిన చేను కనపడేది. జొన్నలు వండితే జొన్న చేను, పిట్టలతో సహా. కందిపప్పైతే పచ్చటి పూలు. ఇందులో వింతేముందండీ? "ఈసారి కంది బాగా పూసిందే సౌజన్యా" అనేసి ఇరుగమ్మలు వాళ్ళ పనిన వాళ్ళు పోయేవాళ్ళు.

అంతుపట్టనిదల్లా కూతురు హారిక కడుపునొప్పే. పిల్లకి గోధుమ పడదన్నారు డాక్టరుగారు. ఆ రోజే చపాతీ, ఉప్మా, సేమ్యా, బిస్కెట్లు గడప దాటి వెళ్ళిపోయాయి. జొన్నరొట్టె, కొర్రన్నం, పెసరట్టు, గోంగూర పప్పు మిగిలాయి. అయినా తిన్న కాసేపటికే పిల్ల మెలికలు తిరిగిపోయేది. గాజులు మోచేతి దాకా జారేవి. బడి మానేసింది.

"వాయువే అది. పులుసులో ఇంగువ ఇంకాస్త వెయ్యి," అనేది అత్తగారు వెంకాయమ్మ. సౌజన్య వేసేది. నొప్పి పెరిగేది. ఇంకాస్త వేసేది. తల్లి చెయ్యి కదండీ, ఊరుకోదు.

"అమ్మా, ఇవాళ తినకుండా ఉండనా?" అనడిగింది హారిక ఒకనాడు. సౌజన్య దేవుడి పటం వైపు తిరిగింది. దీపం వత్తి ఎగదోసి, మళ్ళీ పొయ్యి దగ్గరికెళ్ళింది.

పక్కింటి నసీమున్నీసా కొడుకు అష్రఫ్ మిర్చి లారీ డ్రైవరు. ఢిల్లీ దాకా వెళ్ళొస్తుంటాడు. ఆ మధ్యాహ్నం వాళ్ళమ్మ పంపిన గోంగూర కట్ట ఇవ్వబోయి, వంటింటి గుమ్మంలో ఆగిపోయాడు.

"పాపకి గోధుమ పడదన్నారుగా అక్కా? మరి గోడ మీద గోధుమ చేనేంటి?"

"కళ్ళు దొబ్బాయిరా? అది వరి," అంది వెంకాయమ్మ.

"మామ్మా, నీకు పత్తి తెలుసు, మిరప తెలుసు. గోధుమ ఎప్పుడైనా చూశావా? పంజాబులో లారీ చెడిపోతే ఆ చేలగట్ల మీదే పడుకున్నా నేను. ఆ కంకుల మీసాలు చూడు!"

పులుసు పక్కనే రెండో పొయ్యి మీద అన్నం ఉడుకుతుంటే, అదంతా వరేననుకున్నారు ఇన్నాళ్ళూ. మన నల్లరేగడిలో గోధుమ మొహం ఎవరు చూశారు గనక?

సౌజన్య పొయ్యిలు ఆపి గోడ తుడిచింది. ఒట్టి పప్పు ఉడికించింది. కంది పూలు. చింతపండు మరిగించింది. చింత చెట్టు. చివరికి నీళ్ళలో డబ్బా ఇంగువ పొడి వేసింది. గోడంతా, ఈ కొస నుంచి ఆ కొసకి, పండిన గోధుమ చేను గాలికి ఊగింది.

"పొడిలో ఆ పిండే కలుపుతారేమో అక్కా," అన్నాడు అష్రఫ్ మెల్లగా.

వెంకాయమ్మ ఇంగువ డబ్బా చేతిలోకి తీసుకుంది. "నేనేగా వెయ్యమంది..."

"వేసింది నేను, అత్తయ్యా."

ఇంగువ మానేశారు. ఐనా వెంటనే ఏమీ మారలేదండి, దేవుడి పనులు నిదానం. పిల్ల తినేది. పెద్దవాళ్ళు ఊపిరి బిగబట్టి కూర్చునేవాళ్ళు. నొప్పి వచ్చేది. వీళ్ళు లేచి ఎవరికి వారు పక్కకెళ్ళి ఏడ్చేవాళ్ళు.

ఒక ఆదివారం కొర్రన్నం, పచ్చిపులుసు పెట్టింది. తినడం అయింది. మిల్లు సైరను మోగింది. నొప్పి రాలేదు. హారిక కంచం ముందే, కూర్చున్నదల్లా పక్కకి ఒరిగి నిద్రపోయింది. చెయ్యి కడుక్కోమని లేపబుద్ధి కాలేదు సౌజన్యకి. కొంగు తడిపి, ఎండిన మెతుకులు నానేలా, ఒక్కో వేలూ తుడుస్తూ కూర్చుంది.