నల్లజరీ

"నీ జరీ ముక్కలన్నీ తోమి పెట్టిన బిడ్డా. ఇబూది పెట్టి రుద్దితే ఎట్ల మెరుస్తున్నయో చూడు" అంది అత్తమ్మ, నేను పెనం మీద జొన్నరొట్టె తిప్పుతుండగా. రొట్టె మాడింది. పదకొండు ముక్కలూ చాటలో వరసగా పేర్చి ఉన్నాయి, కొత్త పెళ్లికూతుళ్లలా తళతళలాడుతూ.

ఆమె తోమేసిన ఆ నలుపే నా పీహెచ్‌డీ. గద్వాల చీరలో వెండి జరీ ఎందుకు నల్లబడుతుందో, పైన బంగారు పూత ఎక్కడ అరిగితే అక్కడ అది ఎలా పుడుతుందో చూడటమే నా పని. పోగును ఉప్పునీళ్లలో ముంచి సన్నటి కరెంటు పంపితే ఎంత నలుపు పట్టిందో తెలుస్తుంది. ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద పెడితే పట్టిన చోటు కనిపిస్తుంది. వనపర్తి కాలేజీలో పాఠాలు చెప్పి, బస్సు దిగి వంట చేసి, ఆదివారాలు ఇల్లిల్లూ తిరిగి ముసలమ్మల పెళ్లిచీరల నుంచి అడుక్కొచ్చిన ముక్కలవి. నాలుగు నెలలు ఆగితే హైదరాబాదులో ఆ మైక్రోస్కోప్ నాకు ఈ గురువారానికి దొరికింది. థీసిస్‌కు ఆఖరి గడువు నెలాఖరు. పోయిన నలుపు మళ్లీ పట్టాలంటే ఇంకో ముప్పై ఏళ్లు కావాలి.

అత్తమ్మను ఏమనను? "వెండి నల్లబడ్డ ఇంట్ల ఆడిది పండుకున్నట్టే" అని మొదటినుంచీ ఆమె మాట. "నీకు తీరుతలేదని నేనే తోమిన" అంటూ నా మొహంలోకి చూసింది, మెచ్చుకుంటానేమోనని. "మంచిగ తోమినవ్ అత్తమ్మా" అన్నాను. నా మీద నాకే అసహ్యం వేసింది.

మా ఆయన మహేశ్వర్ రాజోలి హైస్కూల్లో సైన్స్ సారు. చుట్టాలొస్తే "మా ఆమె మురికి మీద డాక్టరేట్ చేస్తుంది, అదేదో ఇంట్ల గిన్నెల మీద చేస్తే అయిపోతుండె" అని నవ్వించేవాడు. నేనూ నవ్వి చాయ్ పోసేదాన్ని. ఇప్పుడు చాట వైపు చూసి పీట మీద కూర్చున్నాడు.

"పోయినయి గద, పరేషాన్ గాకు. ఇగ సదువు బంద్ చెయ్. నౌకరి ఉండనే ఉంది."

"అత్తమ్మకు తెల్వదు, పాపం" అన్నాను. ఏడుపు ఆగలేదు. "తోమేటప్పుడు మీరు ఇంట్ల లేకుంటిరా?"

"ఉన్న. నిన్న సాయంత్రం వాకిట్ల కూసోని తోమింది. పక్కనే పేపర్ చదువుకుంట ఉన్న."

"మరి ఆపలేదా?"

"అమ్మ ఖుషీగ తోముతుంటె ఎందుకు ఆపాలె? ఆ నలుపు పోతే ఏమైతదో నాకు తెల్వదనుకున్నవా?" అన్నాడు, రొట్టె తుంచి పప్పులో అద్దుకుంటూ.

ఈ ఇంట్లో నా పని ఎవరికీ అర్థం కాదని ఆరేళ్లుగా కుమిలిపోయాను. ఒకరికి బాగానే అర్థమైంది.