ముప్పై ఆరు, డబుల్ డి

పదకొండో మోటారు పక్కన పెట్టేసరికి ఇంకా టీ గంట కొట్టలేదు. లీలమ్మ గోడ గడియారం వైపు అనుమానంగా చూసింది. ముల్లు తిరుగుతూనే ఉంది. మామూలు రోజుల్లో టీ వేళకు ఎనిమిది దాటితే గొప్ప.

వైండింగ్ సెక్షన్లో, ఇనుప చట్రం లోపలి గాడుల్లోకి రాగి చుట్టలను వేళ్లతో ఒత్తి దింపడం ఆమె పని. నీళ్ల మోటారుకు అదే ప్రాణం. పటాన్‌చెరు పారిశ్రామికవాడలోని ఈ కంపెనీలో పదకొండేళ్లుగా బల్ల ముందు నిలబడి, ముందుకు వంగి, చేతులు చాచి అదే చేస్తోంది. మనిషి పర్మనెంటు కాలేదు గాని, భుజాల నొప్పి ఎప్పుడో పర్మనెంటయింది.

ఆ నొప్పికి కారణం చెబితే జనం ముందు నవ్వుతారు, తర్వాత వింటారు. చాలామంది నవ్వు దగ్గరే ఆగిపోతారు. లీలమ్మ మరీ లావు మనిషి కాదు. నడుము, చేతులు, మొహం, నలభై మూడేళ్ల కష్టజీవికి ఎలా ఉండాలో అలాగే ఉంటాయి. రొమ్ములు మాత్రం ఆ ఒంటికి మించిన బరువు. తొమ్మిదో తరగతిలో పరిగెత్తినప్పుడల్లా పిల్లలు చప్పట్లు కొడుతున్నారని ఖోఖో మానేసింది. చర్చి పాటల గుంపులో ముందు వరసలో నిలబడితే, పైట నిండుగా ఉన్నా సరే, వెనక వరసకు పొమ్మన్నారు. కొల్లూరు కాలనీలో గవర్నమెంటు రెండు పడగ్గదుల ఇల్లు వచ్చాక కంపెనీ మగవాళ్లు ఆమెకు 'డబుల్ బెడ్‌రూమ్' అని పేరు పెట్టారు. ఆ పేరు పుట్టించిన మహానుభావుడికి ఆ రోజు ఎవరో చాయ్ పోయించే ఉంటారు. ఆమె వినపడనట్టే తల వంచుకుని పోయేది. అలా పోయి పోయి వీపు గూని తేలింది.

భర్త సొలొమోను కామెర్లతో పోయి ఆరేళ్లయింది. కూతురు జెస్సికా సంగారెడ్డిలో హాస్టల్లో ఉండి నర్సింగ్ రెండో ఏడు చదువుతోంది. ఆ చదువంతా ఈ బల్ల మీదే నడుస్తోంది.

పోయిన సోమవారం సూపర్‌వైజర్ బాలప్ప బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"లీలమ్మా, నీది ముప్పై ఒకటి దాటుతలేదు. పక్క బల్లలోళ్లు నలభై తీస్తున్నరు. శనివారం వరకు నువ్వు గూడ నలభై తియ్యాలె. తియ్యకుంటే కాంట్రాక్టర్‌కు నీ పేరు చెప్తా. అప్పుడు నన్ను అనొద్దు."

"మధ్యాహ్నమైతే చేతులు తిమ్మిర్లెక్కుతున్నయి సార్."

"గంత బరువు మోస్తే ఎక్కవా మరి?" అని బాలప్ప నవ్వాడు. చుట్టుపక్కల బల్లలవాళ్లూ నవ్వారు. నవ్వకపోతే తమ లెక్క అడుగుతాడని వాళ్ల భయం. ఎవరి భయం వాళ్లది, దెబ్బ మాత్రం లీలమ్మకు తగిలింది.

ఈ రోజే ఆ శనివారం.

ఇన్నేళ్లుగా ఆమె చేస్తూ వచ్చిన తప్పు ఒక్కటే, నంబరు పెంచుకుంటూ పోవడం. పెద్ద మనిషికి పెద్ద నంబరు, అంతే అనుకుంది. బస్టాండు దగ్గర ఫ్యాన్సీ షాపులో కౌంటరు వెనక మగవాడు ఉండేవాడు. ఆమె "పెద్దది" అని గొణిగేది. వాడు మొహం తప్ప మిగతాదంతా చూసి, నలభై రెండు తీసి బల్ల మీద పడేసేవాడు. పేపర్లో చుట్టి, దొంగసొత్తు దాచినట్టు నల్ల కవర్లో వేసేవాడు. వేసుకుని చూసే గది లేదు, వాపసు లేదు. ఇంటికి వచ్చి తొడిగితే ఒంటి చుట్టూ తిరిగే పట్టీ వదులు, కప్పు మాత్రం చాలదు. వదులు పట్టీ వీపు మీదికి పాకేది. దాంతో బరువంతా భుజాల మీది సన్న పట్టీలకు వేలాడేది. చాలలేదని నలభై నాలుగు కొంటే అది ఇంకా వదులు. చివరికి ఒకదాని మీద ఒకటి రెండు బ్రాలు తొడిగి, భుజాల దగ్గర పాత చీర పీలికలు మడిచి పెట్టుకునేది. అయినా వేలు పట్టేంత లోతున గాడులు పడ్డాయి. ఎండాకాలం చెమట దిగితే అవి భగ్గుమనేవి. రొమ్ముల కింద చర్మం ఒరుసుకుపోయిన చోట పౌడరు చల్లుకుని డ్యూటీకి వచ్చేది. ఆడపుట్టుక అంటే ఇంతేనని సర్దుకుంది. ఇంతే కాదని చెప్పే దిక్కు ఆమెకు ఎవరున్నారు?

చివరికి జెస్సికాయే ఫోనులో చెప్పింది. "మమ్మీ, నంబర్ వేరే, కప్పు వేరే. ఎవరన్న ఆడామె దుకాణంల టేపుతోని కొలిపిచ్చుకో."

నిన్న సాయంత్రం డ్యూటీ దిగాక లీలమ్మ మార్కెట్ వెనక గల్లీలో హాజిరా దుకాణం వెతుక్కుంటూ వెళ్లింది. ముందు గాజులు, రిబ్బన్లు. వెనక ఒక పరదా. హాజిరా మెడలో టేపు వేసుకుని స్టూలు మీద కూర్చుని ఉంది.

"ఏ సైజు అక్కా?"

"నలభై నాలుగు ఆపా. ఇంకా పెద్దదుంటే జెర సూడు."

"నువ్వు చెప్పుడు కాదు, టేపు చెప్తది. పరదా ఎన్కకు రా."

పరదా వెనక లీలమ్మ జాకెట్టు విప్పింది. రెండు బ్రాలూ, వాటి కింది పీలికలూ, ఆ కింద నల్లగా కమిలిన గాడులూ చూసి హాజిరా చేతులు ఆగిపోయాయి.

"యా అల్లా! ఎన్నేండ్ల సంది గిట్ల?"

"పెండ్లి కాకముందుకెళ్లి."

హాజిరా మెడలోని టేపు తీసింది. రొమ్ముల కింద, పక్కటెముకల చుట్టూ టేపు బిగించి చదివింది. "ముప్పై ఆరు." తర్వాత నిండుగా ఉన్న చోట వదులుగా పట్టి చూసింది. "నలభై ఒకటి."

"ముప్పై ఆరా? నేనా?" లీలమ్మకు నవ్వొచ్చింది.

"కింది కొలత నంబరు అక్కా. దానికన్న మీదిది ఎంత ఎక్కువుంటే గంత కప్పు. ఇంచు ఎక్కువుంటే ఏ, రెండైతే బీ, మూడు సీ, నాలుగు డీ. నీకు ఐదు. ముప్పై ఆరు, డబుల్ డి. భుజాలు బరువు మొయ్యొద్దు. ఈ కింది పట్టీ మొయ్యాలె. గది వదులున్నందుకే నీ పానం గిట్ల పరేషానైంది."

వెడల్పాటి భుజం పట్టీలున్న బ్రా ఒకటి తెచ్చి తొడిగించింది. కొత్తది గనక చివరి హుక్కుకు పెట్టింది, సాగాక లోపలి హుక్కులకు జరుపుకోవచ్చని. ముందుకు వంగి, పక్కల్లో కండ అంతా చేత్తో కప్పులోకి తెచ్చుకోమంది. చేతులు పైకెత్తించి, వెనక పట్టీ పైకి పాకుతోందేమో చూసింది. పాకలేదు. రెండు వేళ్లు మాత్రమే దూరాయి. నడిమి భాగం ఛాతీ ఎముకకు ఆనింది.

"కప్పు కింద తీగ ఉంటది. కండ మీద కూసోవద్దు, ఎముక మీద కూసోవాలె. నీకు బరాబర్ కూసుంది," అంది హాజిరా. "తీగ లేనిది గూడ మంచిగుంటది. గని నీ సైజుల బుధవారం వస్తది. ఆగుతవా?"

"ఆగరాదు ఆపా. రేపే శనివారం."

శనివారానికీ బ్రాకూ సంబంధం ఏమిటో హాజిరాకు తెలియలేదు. లీలమ్మ అద్దంలోకి చూసుకుంది. అందులో ఒక మనిషి నిటారుగా నిలబడి ఉంది. ఆమెకు ఏడుపొచ్చింది. సంతోషంతో కాదు, కోపంతో. ఒక్క టేపు ముక్కతో పోయే నొప్పిని ఇరవై ఐదేళ్లు మోయించారే అన్న కోపం. ఎవరి మీద చూపించాలో తెలియక కళ్లు తుడుచుకుంది.

ఈ రోజు అన్నం గంటకు ఇరవై రెండయ్యాయి. మూడు గంటలైనా వేళ్లు తిమ్మిరెక్కలేదు. వాటిని ముడిచి, చాచి, నమ్మలేక మళ్లీ ముడిచి చూసుకుంది.

పక్క బల్ల మొగులమ్మ వంగి అడిగింది. "ఏం మంత్రమేసినవ్ లీలక్కా?"

"నాది ముప్పై ఆరంట," అని చెవిలో చెప్పి లీలమ్మ చిన్నపిల్లలా నవ్వింది. మొగులమ్మకు ముక్క అర్థం కాలేదు.

డ్యూటీ దిగే వేళకు నలభై మూడు. బాలప్ప వేలు పెట్టి ఒకసారి, పెన్ను పెట్టి ఇంకోసారి లెక్కపెట్టాడు. తప్పు దొరకలేదు. "సోమవారం గూడ గిట్లనే రావాలె," అని పోయాడు. గండం గడిచింది. లీలమ్మ కంపెనీ కోటు విప్పి కొక్కేనికి తగిలించి, ఇంటికి పోగానే జెస్సికాకు ఫోన్ చేయాలనుకుంది.

గేటు దగ్గర ఆడవాళ్ల వరస. ఒక చిన్న గది, దానికో పరదా. రాగి పోతోందని రెండు నెలల కిందట కంపెనీవాళ్లు కొత్త మిషన్ తెచ్చారు. మూరెడు పొడవు, లోహం తగిలితే కూస్తుంది. సెక్యూరిటీ శివమ్మ పదకొండేళ్లుగా లీలమ్మకు తెలుసు. ఒక చేత్తో మిషన్ తిప్పుతూ, రెండో చేత్తో "పో అక్కా, పో" అంటూ పంపిస్తోంది. లీలమ్మ ఒంటి మీద తిప్పింది. ఎడమ రొమ్ము కింద కూసింది. కుడి రొమ్ము కింద ఇంకా గట్టిగా కూసింది.

వరస మొత్తం అటే చూసింది.

"ఏందక్కా ఇది?"

"లోపటి బాడీల తీగ ఉంది శివమ్మా. నిన్ననే కొన్న."

శివమ్మ నమ్మింది. చూపులోనే తెలిసింది. కానీ మిషన్ కూస్తే ముందు రిజిస్టర్లో రాయాలి, తర్వాతే వెతకాలి. ముందు వెతికి తర్వాత రాసిన ఇంకో షిఫ్టు సెక్యూరిటీ మనిషిని, దొంగలతో కుమ్మక్కయిందని పంపించేశారు. అందుకని శివమ్మ పెన్ను తీసి గుండ్రటి అక్షరాలతో రాసింది: లీలమ్మ, వైండింగ్, తీగ. ఆ తర్వాత బాలప్పకు కబురు పంపింది.

బాలప్ప పరదా బయట నిలబడ్డాడు. "విప్పిచ్చి చూడు," అన్నాడు. మర్యాదస్థుడు, పరదా మాత్రం తియ్యలేదు. లీలమ్మ విప్పి ఇచ్చింది. శివమ్మ కత్తెర తీసుకుని ఒక కప్పు కింద కుట్టు కోసి, లోపలున్నది లాగింది. చంద్రవంకలా వంగిన తెల్లటి ఉక్కు తీగ. పరదా సందులోంచి బయటికి చూపించింది.

"స్టీలు సార్. రాగి కాదు."

"కనవడుతుంది గద. రాసినవా?"

"రాసిన సార్. ముందుగాల రాయాలన్నరు గద."

"మరి నేనేం చేస్తనే?" అన్నాడు బాలప్ప. "రిజిస్టర్ల పేరు పడ్డోళ్లకు గేటు పాస్ ఇయ్యొద్దని కాంట్రాక్టర్ ఆర్డరు. సోమవారం నుంచి రాకు లీలమ్మా."

"కొట్టెయ్యి శివమ్మా," అంది లీలమ్మ, జాకెట్టు గుండెలకు అదుముకుని. "నీకు దండం పెడ్త. ఒక్క గీత గియ్యి."

"పేజీలకు నంబర్లున్నయి అక్కా. కొట్టేస్తే నన్ను తీస్తరు." శివమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి. పెన్ను మాత్రం రిజిస్టర్ మధ్యలో పెట్టి మూసేసింది.

"సార్, ఇయ్యాల నలభై మూడు తీసిన."

"నేనే లెక్కవెట్టిన గద. మస్తు తీసినవ్," అన్నాడు బాలప్ప. వెటకారం కాదు, నిజంగానే మెచ్చుకున్నాడు. మెచ్చుకుని వెళ్లిపోయాడు.

లీలమ్మ చెయ్యి చాచింది. "గదన్న ఇయ్యి. తొడుక్కోని పోత."

"రాసిన వస్తువు బయటికి ఇయ్యరాదు అక్కా."

లీలమ్మ జాకెట్టు తొడుక్కుంది. లోపల ఏమీ లేకుండా నలుగురిలోకి రావడం ఇన్నేళ్లలో అదే మొదటిసారి. పైట రెండు చుట్లు చుట్టి, టిఫిన్ సంచి గుండెలకు హత్తుకుని, భుజాలు ముందుకు ముడుచుకుని గది దాటింది. కంపెనీ బస్సు ఇరవై నిమిషాలుగా ఆగి ఉంది. కిటికీల నిండా మొహాలు. "జల్దీ ఎక్కరాదే, నీతోని అందరికి లేటు!" అని ఎవరో అరిచారు. మొగులమ్మ సీట్లో ఒకవైపుకు జరిగింది గాని పిలవలేదు. లీలమ్మ ఎక్కలేదు. డ్రైవరు ఇంకో హారన్ కొట్టి, ఆమె పక్కనుంచే దుమ్ము రేపుకుంటూ పోయాడు. ఆమె రోడ్డు వారగా హైవే వైపు నడిచింది. షిఫ్టులు మారే వేళ, జనం బాగా ఉన్నారు. ఆ రద్దీలో ఆమె ఏ ఆటో ఎక్కిందో చూసినవాళ్లు లేరు.

సోమవారం ఆ బల్ల దగ్గర ఒడిశా పిల్ల ఒకతె నిలబడింది. మొదటి రోజే కదా, ఇరవై నాలుగు తీసింది.

గేటు పక్క గదిలో, శివమ్మ కుర్చీ వెనక అరలో, నోరు పిన్నుకొట్టిన ప్లాస్టిక్ కవరు ఒకటి ఉంది. లోపల కోసిన వైపు బట్ట చప్పబడి ముడుచుకుపోయింది. కొయ్యని వైపు కప్పు మాత్రం, తీగ ఇంకా కిందే ఉండటం వల్ల, కవరును పైకి నెట్టుకుంటూ గుండ్రంగా, నిండుగా నిలబడి ఉంది.