ప్రాంప్టు ఎవరిది?

జాబితాలో ముప్పై మాటలుంటే సౌభాగ్యలక్ష్మి టీచరుకు ఇరవై తొమ్మిది కొరకరాని కొయ్యలే. ఆర్టిఫిషియల్, అల్గారిదం, బయాస్... అన్నీ అలాంటివే. బడివాళ్ళు ఆ కాగితం చేతిలో పెట్టి, సోమవారం బెంగళూరు నుంచి వచ్చే సారు ముందు పది నిమిషాలు ఇంగ్లీషులోనే మాట్లాడాలన్నారు. ఏఐ అంటే ఏమిటి, అది దేనికి అన్నది విషయం. మాట్లాడలేనివాళ్ళను జూన్ నుంచి చిన్నపిల్లల క్లాసుకు పంపుతారు. రాయచూరులో ఇరవై రెండేళ్ళుగా ఎనిమిదో తరగతికే సోషల్ చెబుతున్న మనిషి ఆమె. పుస్తకం ఇంగ్లీషులో చదివి, అర్థం మాత్రం తెలుగు, కన్నడం, ఉర్దూ కలిపి చెప్పేది. పిల్లలకు ఇట్టే చెవికెక్కేది. ఇప్పుడా అలవాటే కొంప ముంచేలా ఉంది.

ఆదివారం పొద్దున కూతురు హేమశ్రీ తల్లిని ఎదురుగా కూర్చోబెట్టుకుని ఒక్కో మాటా అడిగింది.

"పర్పస్ అంటే?"

"మక్సద్."

"ఉర్దూ కాదమ్మా, ఇంగ్లీష్‌ల చెప్పు. సరే తియ్, ప్రాంప్ట్ అంటే?"

సౌభాగ్యలక్ష్మి ముఖం వెలిగిపోయింది. "ఓయమ్మ! గది మా నాయిన మాట గదనే!"

నాయిన రామచంద్రయ్యకు బజారులో ఇత్తడి సామాన్ల కొట్టు ఉండేది. జాతరలకు నాటకాలాడే జట్టులో ఆయన కూడా ఒకడు. అయితే వేషం కట్టేవాడు కాదు, తెర పక్కన పుస్తకం పట్టుకుని మాట అందించే ప్రాంప్టరు. అదీ మొదటి మాట ఒక్కటే. "మొదలు నాది, పద్యం వానిది" అనేవాడు. ఏడేళ్ళ సౌభాగ్య ఆయన పక్కనే చతికిలబడి, నాయిన గుసగుస రాజుగారి నోట పద్యమై రావడం నోరు తెరుచుకుని చూసేది. ఎంత మంచి రోజులవి!

గబ్బూరు జాతరలో ఒకసారి రాజు వేషం పిచ్చయ్యది. నాయిన కంగారుగా "పిచ్చయ్యా, మీసం ఊడుతున్నది" అన్నాడు. పిచ్చయ్య గద ఎత్తి, సేనాపతి వైపు కళ్ళురిమి, "పిచ్చయ్యా! మీసం ఊడుతున్నది!" అని సభ దద్దరిల్లేలా అరిచాడు. అందించిన మాటకు ఎదురాడకూడదట మరి! జనం పొట్టలు పట్టుకుని నవ్వారు.

హేమశ్రీ కూడా కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వింది. "కథ మంచిగుంది గని, నువ్వు ఉల్టా జెప్తున్నవమ్మా. ఏఐకి ప్రాంప్ట్ మనమిస్తం. మాట్లాడేది అది."

"అంటే తెర ఎనక మనం, వేషం కట్టి ముందల అదా?"

"ఆ, గట్లనే."

"మరి చప్పట్లెవరికే?"

హేమశ్రీ జాబితాలో తరువాతి మాటకు వెళ్ళింది. తల్లి ప్రాణం ఉసూరుమంది.

సోమవారం బెంగళూరు సారు ప్రకాశ్, ప్రిన్సిపాల్ మహాదేవి మేడం ఎదురుగా కూర్చున్నారు. సౌభాగ్యలక్ష్మి బట్టీపట్టిన నాలుగు వాక్యాలు ఇంగ్లీషులో గడగడా అప్పజెప్పింది. ఐదోది రాలేదు. చూపు తనకు తెలియకుండానే కుడిపక్కకు పోయింది. అక్కడ బీరువా తప్ప ఏమీ లేదు. ఇక జాబితా సంగతి వదిలేసి, తనకొచ్చిన ఇంగ్లీషు ముక్కల్లోనే మొదలుపెట్టింది.

"మా నాన్న ప్రాంప్టర్. పేరు రామచంద్రయ్య. ఒక్క మాట ఇచ్చేవాడు, పద్యం మనిషే పాడేవాడు. ఈ యంత్రం కూడా అలాగే తెర వెనక ఉండాలి. నా పిల్లలు ముందుండాలి. దాని పర్పస్ అదే."

ప్రకాశ్ పెన్ను ఆపాడు. కథ బాగుంది కానీ ప్రాంప్ట్ అర్థం తలకిందులైందన్నాడు.

మహాదేవి మేడం కళ్ళజోడు తీసి, ఇది ఇంగ్లీషు పరీక్షే కదా, ఇంగ్లీషేమైనా తప్పా అని కన్నడంలో అడిగింది. "ఇదు ఇంగ్లిష్ పరీక్షె హౌదల్రీ? ఇంగ్లిష్ తప్పైతేను?"

"ఇల్ల మేడం." లేదన్నాడు ప్రకాశ్.

"మత్తేను? ఎంటనే క్లాస్ అవర్దే."

మరింకేం, ఎనిమిదో తరగతి ఆమెదే! సౌభాగ్యలక్ష్మి వరండాలోకొచ్చి కూతురికి ఫోన్ చేసింది. "నా క్లాసు నాకే ఉన్నదే!" అంటూనే భోరుమంది.

"మరి ఏడుస్తవేందమ్మా?"

"నడుమల మాట మరిచినే. నాయిన అందిస్తడని పక్కకు జూసిన." నాయిన పోయి పదకొండేళ్ళయింది. ఆమె కొంగుతో ముక్కు తుడుచుకుంది. "ఉన్నా ఏమందిస్తుండె పాపం... ఆయనకు ఇంగ్లీష్ రాకపోయె."