తుప్పుకత్తిని ఏం చేయాలి

సోఫా మాస్టరుకి రాజకుమారులంటే గిట్టదు. పుట్టుకతోనే భుజం మీద మచ్చ ఉండడం, దాన్ని చూసి ఓ ముసలి మాంత్రికుడు కళ్లనీళ్లు పెట్టుకోవడం, మీసాలు రాగానే కుర్రాడు లోకాన్ని ఉద్ధరించడానికి బయల్దేరడం. ఇలాంటివాడు కథలో అడుగు పెట్టగానే ఆయనకి ఆవలింతలు మొదలవుతాయి. జోస్యాలన్నా అంతే. జరిగేది ముందే చెప్పేశాక ఇన్ని భాగాలు దేనికి, మొదటి పేజీలోనే అందర్నీ ఇంటికి పంపేయొచ్చుగా అంటాడు. డ్రాగన్లు ఫరవాలేదు, మితంగా ఉంటే. ఆయనకి కావలసిందల్లా వంటవాళ్లు, గుర్రాలు కాసేవాళ్లు, కోట గోడ మీద చలికి వణుకుతూ రాజుని తిట్టుకునే కాపలావాళ్లు. సింహాసనం గురించి పేజీలకు పేజీలు రాసే మహానుభావుడు దాని మీద దిండు ఎవరు కుట్టారో ఒక్క ముక్క రాయడేమని ఆయనకి నిజంగానే ఒళ్లు మండుతుంది.

అలాగని ఆయన పుస్తకం పట్టుకుని చదివే మనిషి కాదు. కంటి నరాలు దెబ్బతిని చూపు పోయింది. వెలుగూ నీడా తెలుస్తాయి, అక్షరాలు తెలియవు. స్ప్రింగు ఎక్కడ వదులైందో, బట్ట ఎక్కడ బిగించాలో చేతులకి తెలుసు కాబట్టి షాపు నడుస్తోంది. పుస్తకాలు చదివిపెట్టేది అక్క. ఎక్స్‌రే సెంటర్లో కౌంటరు పని ముగించుకుని వచ్చి, గది తలుపు వేసుకుని, ఫోన్లోకి చదివి పెడుతుంది. మర్నాడు షాపులో మాస్టరు సోఫాలు కుడుతూ వింటాడు. ఎదురుగా కూర్చోబెట్టుకుని చదివితే పేజీకి పది ప్రశ్నలేసి ప్రాణం తీస్తాడు, అందుకని ఈ ఏర్పాటు.

ఆ వినడంలో ఆయన మనసు పారేసుకున్నది ‘బూడిదకోట’ అనే నవల మీద. అందులోనూ తుప్పుకత్తి మీద. తుప్పుకత్తి ఉత్తర ద్వారం కాపలావాడు. మోకాళ్లు నొప్పులు, కత్తి ఒరలోంచి రాదు, అందుకని నోటితోనే నెట్టుకొస్తాడు. అయిదో భాగంలో నీలిగోళ్ల రాణి సైన్యాన్ని వేసుకుని గడ్డకట్టిన సరస్సు దాటి వస్తే, అడ్డంగా నిలబడి, “యుద్ధానికి వచ్చావు, బాగుంది. ఇంత చలిలో ఈ పిల్లలకి మేజోళ్లన్నా ఇప్పించావా తల్లీ?” అని దులిపేస్తాడు. రాణి తల తిప్పుకుంటుంది. అది విన్నరోజు మాస్టరు నవ్వీ నవ్వీ బొటనవేలికి సూది గుచ్చుకున్నాడు. ఇక మిగిలింది ఆఖరి భాగం. అది ఇంటికొచ్చి చాలాకాలమైంది గానీ, అక్క ఒకసారి గొంతు బాగాలేదంటుంది, ఇంకోసారి పని ఎక్కువైందంటుంది.

ఇలా ఉండగా కుర్చీ దిండ్లు కుట్టించుకోవడానికి వచ్చిన లైబ్రేరియనమ్మ షాపులో ‘బూడిదకోట’ వినబడడంతో ఆశ్చర్యపోయి, ఆదివారం లైబ్రరీలో అభిమానులు కలుస్తారు, మీరూ రండి, తమకిష్టమైన పాత్ర గురించి తలా నాలుగు మాటలు చెప్పాలి అంది. మాస్టరుకి కాళ్లు నేల మీద నిలవలేదు. ఇన్నేళ్లుగా ఈ కథల లోకంలో తానూ అక్కా తప్ప ఇంకో ప్రాణి లేదు. వారమంతా బట్ట కత్తిరిస్తూ తనలో తనే మాట్లాడుకున్నాడు.

ఆదివారం కాలేజీ పిల్ల ఒకతె రాణి గురించి చెప్పింది. పళ్ల డాక్టరు రాజకుమారుడి గురించి అరగంట చెప్పాడు, మాస్టరు ఓపిక పట్టాడు. తన వంతు రాగానే లేచి తుప్పుకత్తి గురించి మొదలుపెట్టాడు. సరస్సు దగ్గరికొచ్చేసరికి ఎవరో కిసుక్కుమన్నారు. మాస్టరు హుషారెక్కి మేజోళ్ల మాట కూడా చెప్పాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

“అయిదో భాగంలోనా అండీ?” అన్నాడు పళ్ల డాక్టరు. “తుప్పుకత్తి రెండో భాగంలోనే పోయాడు కదా.”

“పోలేదండీ. వంతెన కూలింది, నిజమే. లోయలో వేరు పట్టుకుని వేలాడాడు. పైకెక్కి వచ్చి, ఆ వంతెన కట్టిన మేస్త్రీని నానా మాటలూ అన్నాడు.”

“మేస్త్రీ ఎవరండీ?” అంది కాలేజీ పిల్ల.

లైబ్రేరియనమ్మ అలమారలోంచి రెండో భాగం తీసి, ఆ చోటు వెతికి, మెల్లగా చదివింది. “తుప్పుకత్తి ఒక్కసారి వెనక్కి చూశాడు. వంతెన కూలింది. లోయలో పడినవాళ్లెవరూ తిరిగి రాలేదు.”

“తర్వాత?” అన్నాడు మాస్టరు.

“తర్వాత రాజకుమారుడి పెళ్లి సంగతండీ.”

ఎవరో, సొంతంగా భలే అల్లారండీ అన్నారు. మాస్టరు చెవులు వేడెక్కాయి. ఏదో గొణిగి కూర్చున్నాడు.

దారి పొడుగునా చేతికర్ర తడుముతోంది గానీ మనసుకి ఏదీ తగలడం లేదు. వాళ్లది వేరే ముద్రణా? ఇలాంటి పుస్తకం రెండు రకాలుగా వేస్తారా? పోనీ తను కుడుతూ కునుకు తీసి కలగన్నాడా? కలైతే ఇన్ని భాగాల పొడుగునా వస్తుందా? అక్క పొరపాటున వేరే పుస్తకం కలిపి చదివిందా? ఎంత ఆలోచించినా బుర్ర గింగిరాలు తిరగడమే తప్ప ఒక్కటీ అతకలేదు. ఇంటికొచ్చేసరికి అక్క బట్టలు ఇస్త్రీ చేస్తోంది.

“తుప్పుకత్తి పోయాడట కదా” అన్నాడు గుమ్మంలోంచే.

ఇస్త్రీ పెట్టె చప్పుడు ఆగింది.

“ఎవరు చెప్పారు?”

“ఎవరు చెప్తేనేం. పోయాడా లేదా?”

“రెండో భాగం చదివేనాటికి నీకు చూపు ఇక రాదని డాక్టర్లు చెప్పారు, గుర్తుందా” అంది అక్క. “పని మానేసి గోడకి తిరిగి పడుకున్నావు. అన్నం పెడితే అలాగే ఉండేది. వాడి మాటలు వినిపిస్తే మాత్రం నవ్వేవాడివి. ఆరోజు పేజీ తిప్పితే వాడు లోయలో ఉన్నాడు. ఏం చేయమంటావురా? నా నోటితో నేనే వాణ్ణి చంపనా?”

“అయితే ఆ వేరు?”

“నేను పెట్టిందే.”

“మేస్త్రీ? మేజోళ్లు?”

“అన్నీ నావే. వాడు తప్ప మిగతాదంతా పుస్తకంలో ఉన్నదే, ఒట్టు.”

మాస్టరు స్టూలు మీద కూలబడ్డాడు. కోపం వచ్చింది. నలుగురిలో తలకొట్టేసినట్టయిందని, తనని చంటిపిల్లాణ్ణి చేసి ఆడించిందని, పైకి అనేశాడు కూడా. అనడం అయ్యాక చూస్తే కోపం కింద ఇంకేదో ఉంది. అది దిగులు. వాడు పోతే తనకేమిటి, అసలు వాడెవడు? పుస్తకంలో రెండు వాక్యాలు, అంతేగా. మరి ఇన్నాళ్లూ తను ఎవరి మాటలకి నవ్వుకుంటూ బతికినట్టు? ఎటు తిప్పినా అక్క గొంతే వినబడుతోంది.

“ఆఖరి భాగం అందుకే చదవట్లేదా?” అన్నాడు చివరికి.

“చివర్లో కోట కూలిపోతుంది. లోపల ఉన్నవాళ్లు ఒక్కరూ మిగలరు. వీణ్ణెలా బయటికి తేవాలో నాకు పాలుపోవడం లేదురా. తలుపేసుకుని కూర్చుంటాను, ఏమీ తోచదు, లేచి వచ్చేస్తాను.” ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టిన చప్పుడైంది. “ఇప్పుడు నీకు తెలిసిపోయిందిగా. ఉన్నది ఉన్నట్టు చదివేయమంటే చదివేస్తాను. నీ ఇష్టం.”

మాస్టరు నోరు తెరిచాడు. చదివెయ్ అంటే సరి, తుప్పుకత్తి ఈ పూటతో లేడు. చేతులు ఊరికే ఉండలేక స్టూలు అంచున ఊడిన కుట్టుని తడుముతున్నాయి.

“కోట కూలేరోజు వాడక్కడ ఎందుకుండాలి?” అన్నాడు.

“కాపలావాడు కోటలో కాక ఎక్కడుంటాడు?”

“గుర్రం జీను చిరిగిందను. కుట్టించుకు రమ్మని ఊళ్లోకి పంపించు. కుట్టేవాడు సాయంత్రానికి ఇస్తానని చెప్పి రెండ్రోజులు తిప్పుతాడు. మావాళ్లంతా అంతే.”

అక్క ముక్కు ఎగబీల్చడం వినిపించింది.

“తిప్పితే వాడు ఊరుకుంటాడా?”

“ఊరుకోడు, తిడతాడు” అన్నాడు మాస్టరు. “ఏమని తిడతాడో నువ్వు చెప్పు.”