సూదిలోకి దారం ఎక్కించేలోపు

వీధిలో అందరూ దర్జీ పెద్దమ్మ అని పిలిచే ఆమె రోజూ మిషను తొక్కుతూనే ప్రార్థన చేసేది. "ప్రభువా, మా చెల్లి మనసు మార్చు" అని ఆ రొదలోనే దేవుడి చెవిలో ఇల్లు కట్టుకుని పోరేది. అమ్మ పోయిన రోజు మాటా మాటా పెరిగి విడిపోయిన ఆ చెల్లెలు, ఈ ఉదయం బస్సుకి తన కూతురి ఊరికి శాశ్వతంగా వెళ్ళిపోతోంది.

దారం తెగింది. మళ్ళీ సూదిలోకి ఎక్కించడానికి ఆమె మిషను ఆపి ఊపిరి బిగబట్టింది. ఆ కాస్త నిశ్శబ్దంలో ఒక్క మాట మనసులో పడింది: నువ్వే వెళ్ళు.

కుట్టు ముగించి వెళ్దామనుకుంది. ముగిసేసరికి బస్సు ఉండదని ఆమెకు తెలుసు. బట్ట జరగకుండా సూదిని అందులోకే దించి లేచింది.

"సగం కుట్టులో ఎక్కడికి అత్తయ్యా? దేవుడు ఫోన్ చేశాడా?" అంది కోడలు నవ్వుతూ.

"ఎప్పట్నుంచో చేస్తున్నట్టున్నాడే. నా మిషను మోతలో వినపడలేదు."

బస్టాండులో బస్సు కిటికీ పక్కన కూర్చున్న చెల్లెలు అక్కను చూసి మొహం తిప్పుకుంది. పెద్దమ్మ వెనక్కి తగ్గకుండా బస్సెక్కింది.

"తప్పు నాదే అనుకోవే. నీతో మాట్లాడకుండా నిన్ను పోనివ్వను."

చెల్లెలు అక్క మెడలో వేలాడుతున్న కొలతల టేపు వంక చూసింది. "పని వదిలేసి వచ్చావా? నువ్వా?" అంటూ పక్కసీటులోని సంచి ఒళ్ళోకి తీసుకుంది. "కూర్చో అక్కా. డ్రైవరు ఇంకా టీ తాగుతున్నాడు."